అద్దమే కదా అనుకున్నా!

రాత్రి పదకొండు దాటింది. ఫోన్ చార్జింగ్‌కు పెట్టి పడుకుందామనుకుంటే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. నీలం రంగు నీళ్లున్న స్ప్రే సీసా. మన ఇళ్లల్లో, ఆఫీసుల్లో అద్దాలు తుడవడానికి వాడేదే. పంపింది మా చిన్నాయన కొడుకు. కింద ఒక్క లైన్ రాశాడు: "అన్నా, ఇది విమానం ముందటి అద్దానికి కొట్టొచ్చునా?"

మా తమ్ముడు డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా తిరిగి, ఈ మధ్యే విమానాలు కడిగే కాంట్రాక్టు పనిలో చేరాడు. ఏ కంపెనీ, ఏ చోటు అన్నది ఇక్కడ రాయను. ఆ రాత్రి వాళ్ల వంతుకు వచ్చింది ఒక చిన్న శిక్షణ విమానం, ఇద్దరు కూర్చునేది. అద్దానికి వాడే అసలు మందు అయిపోయిందట. "గ్లాస్ క్లీనరే గదా, కొట్టి తుడువు" అన్నాడట సీనియర్. వాడికి ఎందుకో అనుమానం వచ్చింది. అనుమానం వస్తే అడగడానికి నేనున్నాను. ఇంట్లో ఇంజినీరింగ్ చదివింది నేనొక్కడినే మరి! ఫ్రిజ్ చల్లబడకపోయినా, బ్యాంకు యాప్ తెరుచుకోకపోయినా మావాళ్లంతా నన్నే అడుగుతారు.

నేను రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు. "గ్లాస్ క్లీనర్ అద్దానికి గాకపోతే దేనికిరా? కొట్టు" అని పెట్టి, బొటనవేలు బొమ్మ కూడా ఒకటి జోడించాను.

పక్క మీద వాలాక ఒక ప్రశ్న పురుగులా తొలిచింది. అసలది అద్దమేనా? లేచి చదవడం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో నాకు చెమటలు పట్టాయి. వాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. చేతులు తడిగా ఉన్నాయో, ఫోన్ లాకర్‌లో పెట్టాడో. మళ్లీ చేశాను, ఎత్తలేదు. వాడు ఎత్తేలోపు నేను చదివిందీ, ఆ తర్వాత తెలుసుకున్నదీ మీకు చెప్తాను.

అది గాజు కాదు

చిన్న విమానాలకు ముందు కనిపించేది గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. పెద్ద విమానంలో మన సీటు పక్కనుండే కిటికీ పలకలు కూడా ఎక్కువగా అక్రిలిక్కే. పెద్ద విమానాల్లో పైలట్ ముందుండే అద్దంలో మాత్రం గాజు పొరలుంటాయి, అది వేరే లెక్క.

అక్రిలిక్ తేలికగా ఉంటుంది, గాజులాగే తేటగా కనిపిస్తుంది. కానీ దానికి కొన్ని రసాయనాలు అస్సలు పడవు. పెట్రోలు, ఆల్కహాల్, అసిటోన్, థిన్నర్ తగలకూడదని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ తన మరమ్మతుల పుస్తకంలో వరుసగా రాసిపెట్టింది. ఆ వరుసలో గ్లాస్ క్లీనర్ కూడా ఉంది. మనం షాపులో కొనే చాలా గ్లాస్ క్లీనర్లలో అమ్మోనియా గానీ ఆల్కహాల్ గానీ ఉంటుంది. అది తగిలితే అక్రిలిక్ పైపొర మెత్తబడి, సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. బిగించి ఉన్న చోట, వంపు ఉన్న చోట మరీ తొందరగా వస్తాయి.

ఇందులో మోసమేమిటంటే, తుడిచిన రోజు అద్దం తళతళ మెరుస్తుంది. పగుళ్లు ఆ తర్వాత మెల్లగా బయటపడతాయి. మామూలు వెలుతురులో కనిపించకపోవచ్చు కూడా. సాయంత్రం ఎండకు ఎదురుగా దిగేటప్పుడు ఒక్కో సన్న గీత మీద వెలుగు చెదిరి, ముందంతా తెల్లటి పొరలా కమ్ముకుంటుంది. అప్పుడు ఆ సీట్లో ఉండేది ఎవరు? శిక్షణ విమానమైతే, పందొమ్మిదేళ్ల పిల్లో పిల్లగాడో!

పులుసు గిన్నెను తింటది

అద్దం సంగతి అలా ఉంటే, రేకు సంగతి మా అమ్మను అడిగినా చెప్తుంది. సిల్వర్ గిన్నెలో పులుసు రాత్రంతా ఉంచనివ్వదు. "పులుసు గిన్నెను తింటది, గుంతలు పడ్తయి" అంటుంది. సిల్వర్ అని పిలుస్తాం గానీ అది వెండి కాదు, అల్యూమినియం. చింతపండు పులుపుకు దాని మీద చుక్కలు చుక్కలుగా గుంతలు పడతాయి. బట్టల సోడాతో కడిగితే నల్లబడుతుంది. పులుపూ పడదు, సోడా కారమూ పడదు.

కారణం చిన్నదే. గాలి తగలగానే అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని రక్షణ అదే. పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతసేపు ఆ పొర నిలుస్తుంది. అంతకంటే ఆమ్లమైనా, క్షారమైనా కరిగిపోతుంది. బాత్రూం యాసిడ్ ఒక కొసన ఉంటే, జిడ్డు వదలగొట్టే కాస్టిక్ సోడా ఇంకో కొసన ఉంటుంది.

విమానం రేకు కూడా అల్యూమినియమే. కాకపోతే ఉత్త అల్యూమినియం మెత్తన కాబట్టి బలం కోసం రాగి కలుపుతారు. విమానాల్లో ఏళ్లుగా వాడుతున్న 2024 అనే మిశ్రమంలో రాగి నాలుగు శాతం పైచిలుకు ఉంటుంది. రాగి బలాన్నిస్తుంది గానీ తుప్పును కూడా పిలుస్తుంది. అందుకని ఆ రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పల్చగా అతికిస్తారు. దాన్ని ఆల్‌క్లాడ్ అంటారు. మొండి మరకను స్టీల్ పీచుతో రుద్దామనుకోండి, ఆ పల్చటి పొర గీసుకుపోతుంది. పీచు తునకలు రేకులో ఇరుక్కుంటాయి. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో వాన తేమ. అదొక చిన్న బ్యాటరీ అయి కూర్చుని రేకును తింటుంది. చిన్న విమానాల్లో చాలాచోట్ల ఆ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు.

ఇక చక్రాల కాళ్లు. పెద్ద విమానాలకు వాటిలో చాలా గట్టి ఉక్కు వాడతారు. గట్టి ఉక్కుకు ఒక బలహీనత ఉంది. యాసిడ్ లాంటివి తగిలినప్పుడు పుట్టే హైడ్రోజన్ లోపలికి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. బయటికి తుప్పు కనిపించదు, రంగు మారదు. ఒకరోజు బరువు మీద ఉన్నప్పుడు పుటుక్కున విరుగుతుంది.

కాబట్టి విమానం కడిగే మందును ఎంచుకునేటప్పుడు "మురికి పోతుందా?" అన్నది రెండో ప్రశ్న. "మురికి కింద ఉన్నదాన్ని ఏం చేస్తుంది?" అన్నది మొదటి ప్రశ్న. ఇంట్లో మనం దీన్ని తలకిందులుగా అడుగుతాం. ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిదని కొంటాం.

సీసా మీద మాట కాదు, పరీక్ష

మరి దేన్ని నమ్మాలి? "పర్యావరణ హితం", "చేతులకు మెత్తన", "అన్ని ఉపరితలాలకూ సురక్షితం" అని సీసా మీద ఏదైనా రాసుకోవచ్చు. చేతికి మెత్తనైనది లోహానికి కూడా మెత్తన కావాలని లేదు. పేరున్న ఒక క్లీనర్ కంపెనీ తన మామూలు సరుకును పక్కనపెట్టి, విమానాల కోసం వేరే ఫార్ములా తయారు చేయాల్సి వచ్చింది. పీహెచ్ ఒక్కటే చూసి కొనడం కూడా కుదరదు. కొన్ని క్షారపు మందుల్లో అల్యూమినియాన్ని కాపాడే పదార్థాలు కలుపుతారు, అవి పనికొస్తాయి. సాధారణ పీహెచ్ ఉన్న మందు ఇంకో రకంగా చెడగొట్టవచ్చు.

అందుకే పరీక్షలు పెట్టారు. నాకు బాగా నచ్చినవి మూడు. ఒకటి, మందులో తడిపిన కాగితాన్ని రెండు అల్యూమినియం ముక్కల మధ్య పెట్టి, వేడిలో, తేమలో మార్చిమార్చి 168 గంటలు, అంటే సరిగ్గా వారం ఉంచుతారు. రేకుల అతుకుల్లోకి జారి, ఎంత కడిగినా రాకుండా మిగిలిపోయిన మందు ఏం చేస్తుందో చూడటానికి అన్నమాట. రెండు, గంటు పెట్టిన గట్టి ఉక్కు ముక్కను లాగిపట్టి 150 గంటలు ఆ మందులోనే ఉంచుతారు. విరగకుండా ఉండాలి. మూడు, అక్రిలిక్ పట్టీని వంచి దాని మీద మందు వేసి పగుళ్లు వస్తాయేమో చూస్తారు. ఇవి కాక రంగు మీద, రబ్బరు మీద వేరే పరీక్షలున్నాయి. బోయింగ్ వాళ్లకు డీ6-17487 అని ఒక పత్రం ఉంది, బయటి క్లీనర్లు, పాలిష్‌లు దాన్ని దాటాలి. ఏఎంఎస్ 1526 అని ఇంకో ప్రమాణం ఉంది. మందు డబ్బా వెంట వచ్చే సాంకేతిక పత్రంలో ఇలాంటి నంబరు ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ విమానం మెయింటెనెన్స్ మాన్యువల్ ఆ మందును ఒప్పుకోవాలి. ఒక విమానానికి సరైనది ఇంకో విమానానికి సరిపోతుందని లేదు. ఒకే విమానంలో కూడా రెక్కకు పనికొచ్చేది కిటికీకి పనికిరాదు.

2020 గుర్తుందా? మన ఊళ్లలో పంచాయతీ వాళ్లు వీధి వీధికీ హైపో కొట్టారు. ఆ సోడియం హైపోక్లోరైట్ విమానం లోపల కొడితే అల్యూమినియాన్ని తింటుంది. అందుకే విమానాల తయారీదారులు లోపల తుడవడానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటివి చెప్పారు, అదీ జాగ్రత్తలతో. చేతి ఆసరాకు మందైన ఆల్కహాలే అక్రిలిక్‌కు పడదని పైన చెప్పుకున్నాం కదా!

నీళ్లు కూడా మందే

మా నాయన వాళ్లది జడ్చర్ల దిక్కు. అమ్మమ్మ వాళ్లది నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు అంటే నీళ్ల సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లు కంటికి అద్దంలా తేటగా ఉండేవి. తాగిన వాళ్ల పళ్ల మీద మచ్చలు, ఆ తర్వాత ఎముకల్లో నొప్పులు, వంగిపోయిన కాళ్లు. మా అమ్మమ్మ ముప్పై ఏళ్లకే మోకాలు పట్టుకుని లేచేదట. ఆ నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చి వడకట్టే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. ప్రపంచమంతా దాన్ని 'నల్గొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. ఆ తర్వాత మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాయి.

విమానం కడగడంలో ఈ ముచ్చట ఎందుకంటే, ఏ మందు వాడినా చివరికి కడిగేది నీళ్లతోనే. బోరు నీళ్లు పోసి వదిలేసిన మోటార్‌సైకిల్ మీద ఎండాక తెల్ల మరకలు చూసే ఉంటారు. అవి లవణాలు. రేకుల సందుల్లో అవి ఎండి పేరుకుంటే, వాన తేమకు మళ్లీ కరిగి తుప్పుకు దారి చేస్తాయి. ముఖ్యంగా క్లోరైడ్లు. కాబట్టి ఉప్పు నీళ్లు కాకుండా మంచి నీళ్లతో, మందు పూర్తిగా పోయేదాకా కడగాలి.

ఇంకో పోలిక కూడా ఉంది. ఫ్లోరైడ్ తాగిన రోజు ఎవరికీ ఏమీ కాలేదు, కనుకనే అంతమంది తాగారు. తప్పు మందు కొట్టిన రోజు విమానానికి కూడా ఏమీ కాదు. ఈ రెండింటి దగ్గరా "నిన్న వాడినం, ఏం కాలే" అన్న మాటను నమ్మకూడదు.

మందు మంచిదైనా పని తప్పైతే?

ఇది కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్టు. 1996 అక్టోబర్ 2న పెరూ రాజధాని లీమా నుంచి లేచిన ఏరోపెరూ వారి బోయింగ్ 757 సముద్రంలో కూలి 70 మంది చనిపోయారు. విమానాన్ని కడిగి పాలిష్ చేసేటప్పుడు, లోపలికి నీళ్లు పోకుండా స్టాటిక్ పోర్టులు అనే చిన్న రంధ్రాల మీద టేపు అంటించారు. పనయ్యాక తీయలేదు. ఎత్తు, వేగం చెప్పే పరికరాలకు గాలి ఒత్తిడి తెలిసేది ఆ రంధ్రాల వల్లే. రాత్రిపూట, కింద సముద్రం, ముందు అబద్ధం చెప్తున్న మీటర్లు. పైలట్లు ఏం చేయగలరు?

2008 నవంబర్ 27న ఫ్రాన్స్‌లో పెర్పిన్యాన్ దగ్గర ఒక ఎయిర్‌బస్ ఏ320 సముద్రంలో పడి ఏడుగురు పోయారు. ఆ ప్రమాదానికి దారి తీసిన కారణాల్లో ఒకటి మూడు రోజుల ముందటి కడుగుడు. ఎదురొచ్చే గాలి విమానానికి ఏ కోణంలో తగులుతోందో కొలిచే సెన్సార్లను కప్పకుండా నీళ్లు కొట్టారు. లోపలికి పోయిన నీళ్లు పైన చలికి గడ్డకట్టి, మూడింటిలో రెండు సెన్సార్లు బిగుసుకుపోయాయి.

ఒకచోట కప్పి తీయలేదు. ఇంకోచోట కప్పనేలేదు. రెండుచోట్లా నీళ్లదీ సబ్బుదీ తప్పు లేదు.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

2016లో జిల్లాలు విడదీసేదాకా కొత్తూరు, షాద్‌నగర్ మన పాలమూరువే. శంషాబాద్ విమానాశ్రయం మనకు గుమ్మం ముందటిదే. దాని చుట్టూ విమానాలను బాగుచేసే హ్యాంగర్లున్నాయి. అటు సాగర్ దాటితే విజయపురి సౌత్‌లో శిక్షణ విమానాల ఎయిర్‌స్ట్రిప్ ఉంది. మన ఊళ్ల పిల్లలు ఇలాంటి పనుల్లో చేరుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

డబ్బా మీది పేరు, పని కాగితం మీది పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి. "అలాంటిదే ఇది కూడా" అనేది లెక్కలోకి రాదు. లేబుల్ లేని సీసాలో పోసిన మందును ముట్టుకోవద్దు.

ఎంత నీళ్లకు ఎంత మందు, ఎన్ని నిమిషాలు ఉంచాలి అన్నది కొలిచి చేయాలి. ఇంకొంచెం పోస్తే ఇంకొంచెం తెల్లగా అవుతుందనేది వంటింటి లెక్క.

మన ఎండలో నిలబెట్టిన రేకు పెనంలా కాలుతుంది. మందు దాని మీదే ఎండిపోతే మరక పడుతుంది, తినడం కూడా మొదలవుతుంది. నీడలోనో, చల్లబడ్డాకనో కడగండి. మందు కింది నుంచి పైకి పూయండి, చారలు పడవు.

అక్రిలిక్‌కు ముందుగా చాలా నీళ్లు పోసి దుమ్ము వదిలించాలి. ఎండు గుడ్డతో రుద్దితే దుమ్మే గరుకు కాగితమై గీతలు పెడుతుంది. అసలు మందు లేకపోతే, మాన్యువల్ ఒప్పుకుంటే, మెత్తని సబ్బు నీళ్లు చాలు. అదీ లేకపోతే కడగకుండా ఆగడమే మంచిది. మురికి అద్దం రేపు కడగొచ్చు.

ఏమేం కప్పారో లెక్క రాసుకుని, అన్నీ తీశారో లేదో అదే లెక్కతో చూసుకోండి. కడిగితే గ్రీజు కూడా పోతుంది, మళ్లీ పెట్టాల్సిన చోట్లు ఇంజినీరుకు గుర్తుచేయండి. మీ చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు మర్చిపోవద్దు. విమానం రేకును తినేది మీ చర్మాన్ని ఊరికే వదలదు.

పన్నెండున్నరకు ఫోన్ ఎత్తాడు

"ఆపినవారా?" అన్నాను ముందుగా.

"ఎడమ దిక్కు మూలకు కొట్టి తుడిచిన అన్నా. నువ్వు కొట్టుమంటివి గదా."

చదివిందంతా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఇప్పుడేం జేయాలె? చెప్తే పని పోతదేమో. చెప్పకుంటే ఎవరికీ తెల్వది."

ఎవరికీ తెలియదు, నిజమే. అదే కదా ఇందాకటి నుంచి నేను చదువుతున్నది! నేను మంచం మీద కూర్చుని "చెప్పు" అనడం సులువే. పనిలో చేరి రెండు నెలలు కాని వాడికి, చిన్నాయన అప్పు తీరుస్తున్న వాడికి అది సులువు కాదు. పైగా తప్పు సలహా నాది. మా ఉద్యోగంలో రాత్రి తప్పు కోడ్ ఎక్కిస్తే పొద్దున వెనక్కి తీసుకోవచ్చు. అక్రిలిక్‌ను వెనక్కి తీసుకోలేం. అయినా "చెప్పురా, పొద్దుగాల విమానం లేవకముందే చెప్పు" అన్నాను. వాడు "సరే" అని పెట్టేశాడు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

తెల్లవారి ఆరు గంటలకు డ్యూటీలోకి వచ్చిన లైసెన్స్ ఇంజినీరుకు చెప్పాడు. ఏ సీసా, ఎంత మేర, ఎన్ని గంటలకు, అన్నీ చెప్పాడు. ఆయన మొదటి ఫ్లైట్ ఆపించి, చాలా నీళ్లతో, మెత్తని సబ్బుతో ఆ మూల కడిగించి, టార్చి ఏటవాలుగా పట్టి చాలాసేపు చూశాడట. పగుళ్లు కనిపించలేదు. పుస్తకంలో రాశాడు. కొన్ని రోజులు వరుసగా చూడాలని కూడా రాశాడు. తర్వాత మావాడితో, "కొట్టినందుకు కాదు, చెప్పినందుకు నిన్ను గుర్తు పెట్టుకుంట" అన్నాడట.

సీనియర్ వారం దాకా మావాడితో మాట్లాడలేదు. పని మాత్రం పోలేదు. మందుల బీరువా తలుపు మీద ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉందట, దేనికి ఏది వాడాలో, ఏది వాడకూడదో. అది రాసింది మావాడే. అక్షరదోషాలు రెండున్నాయి, మందుల పేర్లలో మాత్రం ఒక్కటీ లేదు.

ఆ తర్వాత వాడు నాకు సీసాల ఫొటోలు పంపడం మానేశాడు. "మాన్యువల్ చూస్తున్న అన్నా" అన్నాడు మొన్న. ఇంట్లో ఏకైక ఇంజినీరుగా కొంచెం చిన్నతనమే అనిపించింది. కానీ ఆ రాత్రి నుంచి నాకూ ఒక అలవాటైంది. ఎవరైనా ఏదైనా అడిగితే, బొటనవేలు బొమ్మ పెట్టేముందు ఒకసారి అడుగుతున్నాను: అసలది అద్దమేనా?